ఇంట్లో గోడ అడ్డున్నా వచ్చే బ్లూటూత్, ఖాళీ గట్టు మీద ఎందుకు తెగిపోతుంది?

తమ్ముడూ, ముందు ఒక మాట. నీ ఇయర్‌బడ్స్ పోలేదు. కొత్తవి కొనకు.

నువ్వు అడిగింది ఇదీ: ఇంట్లో ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టి వంటింట్లోకి వెళ్లినా, మధ్యలో గోడ ఉన్నా, పాట చక్కగా వస్తోంది. అదే సాయంత్రం నాగావళి గట్టు మీద నడకకి వెళితే, ఫోన్ నీ జేబులోనే ఉంది, చుట్టూ ఏ అడ్డూ లేదు, అయినా పాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, అందులోనూ ఎడమ చెవిలో ఎక్కువ. షాపులో చూపిస్తే బడ్స్ పోయాయన్నారు. పనిలో పనిగా బ్లూటూత్, వైఫై, తాకిస్తే డబ్బు కట్టే కార్డు, ఇవన్నీ తీగ లేకుండా ఎలా మాట్లాడుకుంటాయో మొదటినుంచి చెప్పమన్నావు. నేను శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇరవై రెండేళ్లుగా రిపేర్లు చేస్తున్నాను, టేప్‌రికార్డర్లతో మొదలుపెట్టి వీటి దాకా వచ్చాను, ఇదే ఫిర్యాదుతో నెలకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. మొదటినుంచి చెబితేనే నీ గట్టు సంగతి అర్థమవుతుంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టు.

టీవీ రిమోట్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అది కళ్లకి కనిపిస్తుంది. రిమోట్ ముందు ఉన్న చిన్న బల్బుని నీ ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కు, తెరమీద లేత ఊదారంగులో మినుకు మినుకుమంటుంది. మామూలు కంటికి కనబడని వెలుగు అది. ఒక్కో బటన్‌కి ఒక్కో రకం మినుకు ఉంటుంది, టీవీ ఆ మినుకుల్ని లెక్కపెట్టి సౌండ్ పెంచమన్నాడా, ఛానల్ మార్చమన్నాడా అని తెలుసుకుంటుంది. ట్యూబ్‌లైట్ వెలుగునో కిటికీలోంచి పడే ఎండనో చూసి టీవీ పొరబడకుండా, ఒక్కో మినుకు లోపల మళ్లీ సెకనుకి దాదాపు 38 వేల సార్లు ఆరి వెలిగేలా చేస్తారు. ఆ లెక్కలో వెలిగేదాన్నే టీవీ పట్టించుకుంటుంది, మిగతాది వదిలేస్తుంది. అంతే, తీగ లేని మాటలన్నిటికీ మూలం ఇదే. ఇద్దరికీ ముందే తెలిసిన ఒక గుర్తు, ఆ గుర్తుని ఆపుతూ పంపుతూ ఉండటం, అవతలివాడు లెక్కపెట్టడం.

రేడియో తరంగం కూడా వెలుగు జాతిదే, కాకపోతే బాగా నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి కంటికి ఆనదు, చెక్క తలుపుల్నీ ఇటుక గోడల్నీ దాటుకుని పోతుంది. బ్లూటూత్ వాడేది సెకనుకి 240 కోట్ల సార్లకి కాస్త పైగా ఊగే తరంగం, అంటే 2.4 గిగాహెర్ట్జ్. దీని అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, సుమారు ఒక జాన కన్నా తక్కువ. దాంట్లో నాలుగో వంతు పొడవుంటే యాంటెనా సరిపోతుంది, దాన్నీ మడతలు పెట్టి ముద్రిస్తారు, అందుకే బఠాణీ గింజంత బడ్‌లో కూడా పట్టేస్తుంది. మా నాన్నగారి కాలంలో రేడియోకి ఇంటిమీద వెదురుబొంగు కట్టి తీగ లాగేవారు, ఎందుకంటే అప్పటి మీడియం వేవ్ అల పొడవు వందల మీటర్లు.

గాలిలో ఇన్ని తరంగాలు తిరుగుతుంటే బడ్ తనదాన్నే ఎలా పట్టుకుంటుంది అని అడుగుతారు చాలామంది. పక్క జిల్లా బొబ్బిలి వీణ తీసుకో. ఒకే శ్రుతిలో ఉన్న రెండు వీణలు పక్కపక్కన పెట్టి ఒకదాని తీగ మీటితే, రెండోదాంట్లో అదే శ్రుతి తీగ ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా కదులుతుంది, మిగతా తీగలు కదలవు. ఆ తీగ మీద చిన్న కాగితం ముక్క వేలాడదీస్తే అది వణకడం కనిపిస్తుంది కూడా. రేడియో రిసీవర్‌లో ఉండేది అలాంటి తీగే, కాకపోతే విద్యుత్తుతో చేసిన తీగ. తన శ్రుతి వస్తే ఊగుతుంది, లేకపోతే పట్టించుకోదు. ఇక మాట ఎలా పంపుతారంటే, 1 పంపాలంటే శ్రుతిని వెంట్రుకవాసి పైకి జరుపుతారు, 0 పంపాలంటే వెంట్రుకవాసి కిందికి. సెకనుకి పది లక్షల సార్లు ఇలా పైకీ కిందికీ. నీ పాట మొత్తం ఆ ఒకట్లూ సున్నాలుగా మారి వెళుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ 2.4 గిగాహెర్ట్జ్ చోటు ఎవరి సొంతమూ కాదు. ఎఫ్‌ఎం స్టేషన్ పెట్టాలంటే లైసెన్స్ కావాలి, సెల్ కంపెనీలు వేల కోట్లు పోసి వేలంలో కొనుక్కుంటాయి, దీనికి మాత్రం అక్కర్లేదు. మన దేశంలో 2005లో ఈ బ్యాండ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని ప్రకటించారు, పవర్ ఇంతకి మించకూడదన్న షరతు ఒక్కటే. ఉచితం అనేసరికి అందరూ ఇక్కడే దిగారు. వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్, పిల్లల డ్రోన్, కొన్ని సీసీ కెమెరాలు, ఆఖరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా. వారం సంత ఎలా ఉంటుందో తెలుసు కదా, కూరగాయలవాడు, ఎండు చేపలామె, మైకు పెట్టి దుప్పట్లు అమ్మేవాడు అందరూ ఒకేసారి అరుస్తుంటే పక్కన ఉన్నవాడి మాట కూడా వినబడదు. అలాంటి చోట నీ ఫోనూ నీ బడ్సూ గుసగుసగా మాట్లాడుకోవాలి.

బ్లూటూత్ దీనికి పట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ సంతని 79 వరసలుగా విడగొట్టుకుంది, ఒక్కో వరస వెడల్పు ఒక మెగాహెర్ట్జ్. ఒక వరసలో నిలబడి మాట్లాడదు. ఈ వరసలో చిన్న ముక్క చెప్పి, వెంటనే ఇంకో వరసలోకి గెంతి తరువాతి ముక్క చెప్పి, అలా సెకనుకి 1600 గెంతుల దాకా వేస్తుంది. ఫోన్ గెంతిన వరసలోకే బడ్ కూడా సరిగ్గా అదే క్షణంలో గెంతాలి. ఒక వరసలో ఎవడో మైకు పెట్టి అరుస్తుంటే ఆ ముక్క ఒక్కటే పోతుంది, బడ్ దగ్గర్నుంచి "అందింది" అన్న జవాబు రాదు కాబట్టి ఫోన్ అదే ముక్కని మరో వరసలో మళ్లీ చెబుతుంది. 2003లో వచ్చిన మార్పుతో ఇంకొంచెం తెలివి వచ్చింది, ఏ వరసల్లో గోల ఎక్కువుందో గుర్తుపెట్టుకుని వాటి జోలికి పోకుండా మిగతావాటిలోనే గెంతుతుంది. ఇలా ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటూ పోవడం అన్నది పాత ఆలోచనే, హెడీ లమార్ అనే హాలీవుడ్ నటి, ఒక సంగీత దర్శకుడు కలిసి 1942లోనే దీనిమీద పేటెంట్ తీసుకున్నారు. శత్రువులు దారి తప్పించకుండా టార్పెడోని నడపడానికి 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతాలన్నది వాళ్ల ప్లాను, పియానోకి ఉండేవీ 88 మెట్లే.

మరి ఎప్పుడు ఏ వరసలోకి గెంతాలో బడ్‌కి ఎలా తెలుసు? ఇక్కడే పెయిరింగ్ వస్తుంది. పెయిరింగ్ అంటే పెళ్లిచూపులు అనుకో. బడ్స్ డబ్బా బటన్ నొక్కి పట్టుకుంటే లైటు మెరుస్తుంది చూడు, అప్పుడు అవి ఇద్దరికీ ముందే తెలిసిన కొన్ని వరసల్లోనే ఉండి ‘ఇక్కడున్నాం’ అని పిలుపు ఇస్తాయి, ఎందుకంటే ఇద్దరూ ఇష్టమొచ్చినట్టు గెంతుతుంటే ఒకరికొకరు ఎప్పటికీ ఎదురుపడరు. ఇప్పటి చేతి వాచీల్లో ఉండే తక్కువ పవర్ బ్లూటూత్‌లో అయితే పిలుపుకి మూడు వరసలే కేటాయించారు, అవి వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానళ్ల గోల పడని సందుల్లో ఉండేలా ఏరి మరీ పెట్టారు. ఫోన్ ఆ పిలుపు విని పేరు నీకు చూపిస్తుంది, నువ్వు పేరు నొక్కుతావు. అప్పుడు ఫోన్ తన నంబరు, అంటే 48 బిట్ల అడ్రస్, తన గడియారంలో ఇప్పుడు టైమెంత అన్నది బడ్‌కి చెబుతుంది. ఈ రెండూ తెలిస్తే చాలు, గెంతే వరస మొత్తం ఎవరికి వారే లెక్క వేసుకోగలరు, మళ్లీ మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. దాంతో పాటు ఇద్దరి మధ్య ఒక రహస్య తాళం కూడా తయారవుతుంది. గాలిలో వెళ్లిన సంఖ్యలు పక్కవాడు పట్టుకున్నా ఆ తాళం దొరకని లెక్కతో చేస్తారు. పాతవాటికి 0000 కొట్టేవాళ్లం, 2007 తర్వాత వచ్చిన వాటిలో రెండు తెరల మీదా ఆరంకెల నంబరు ఒకటేనా అని చూసి సరే అంటే అయిపోతుంది. తెరలేని బడ్స్‌కి అదీ ఉండదు.

పెళ్లిచూపులు ఒకసారే, ఆ తర్వాత ఇద్దరూ గుర్తుపట్టడమే. నా దగ్గరికి వచ్చే "కనెక్ట్ అవడం లేదు" కేసుల్లో సగం ఇక్కడే ఉంటాయి. ఫోన్ రీసెట్ చేసి ఉంటారు, ఫోన్ తాళం మర్చిపోయింది, బడ్స్ మాత్రం పాత తాళాన్నే పట్టుకుని కూర్చున్నాయి. అప్పుడు ఒకవైపు మాత్రమే డిలీట్ చేస్తే సరిపోదు. ఫోన్‌లోనూ తీసెయ్యాలి, డబ్బా బటన్ ఎక్కువసేపు నొక్కి బడ్స్‌లోనూ చెరిపెయ్యాలి, తర్వాత కొత్తగా కలపాలి. కారులో మొగుడి ఫోనూ పెళ్లాం ఫోనూ దెబ్బలాడుకోవడం కూడా ఇదే తంతు, తాళమున్న ఫోన్లలో ఏది ముందు కనిపిస్తే కారు దాన్ని పట్టుకుంటుంది.

వైఫై గురించి రెండు ముక్కలు చాలు. అదీ ఇదే సంతలో ఉంది కానీ గెంతదు. వెడల్పైన ఒక చోటు, తక్కువలో తక్కువ 20 మెగాహెర్ట్జ్, పట్టుకుని అక్కడే ఉంటుంది. మాట్లాడే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని విని, ఖాళీగా ఉంటే పంపుతుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి సినిమాలు మోస్తుంది, పవర్ ఎక్కువ కాబట్టి బ్యాటరీ తాగుతుంది. బడ్‌లో బ్యాటరీ నీ ఫోన్ బ్యాటరీలో నూరో వంతు ఉంటే గొప్ప, దాంట్లో వైఫై పెడితే పాట అయ్యేలోపు చార్జింగ్ అయిపోతుంది.

తాకించే కార్డు అసలు వేరే జాతి. దాంట్లో బ్యాటరీయే లేదు. మెషీన్‌లో తీగచుట్ట ఒకటి 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర ఊగుతూ చుట్టూ అయస్కాంత క్షేత్రం పరుస్తుంది, కార్డు లోపల కూడా సన్నటి తీగచుట్ట ఉంది, దగ్గరికి రాగానే దాంట్లో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతోనే చిప్ మేలుకుంటుంది. మరి కార్డు జవాబు ఎలా చెబుతుంది? పాత సైకిల్ డైనమో తొక్కావా ఎప్పుడైనా? లైటు వేసుకుంటే పెడల్ బరువెక్కుతుంది, తీసేస్తే తేలికవుతుంది. లైటు నువ్వు చూడకపోయినా, అది వెలుగుతోందో లేదో కాలికి తెలుస్తుంది. కార్డు చేసేది అదే, తన లోపల బరువు వేస్తూ తీస్తూ ఉంటుంది, మెషీన్ ఆ బరువుని తన తీగచుట్టలో పసిగట్టి ఒకట్లూ సున్నాలూ చదువుకుంటుంది. దూరం నాలుగు సెంటీమీటర్ల లోపే. పిన్ లేకుండా 5000 రూపాయల దాకా కట్టనివ్వడానికి ఆ కొద్ది దూరమూ ఒక ధైర్యం. మడపాం టోల్‌గేట్ దగ్గర కారు అద్దం మీద ఉండే ఫాస్టాగ్‌కి కూడా బ్యాటరీ లేదు కానీ దానిది ఇంకో పద్ధతి. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాన్ని పైనుంచి రీడర్ విసురుతుంది, ట్యాగ్ దాన్ని తిప్పికొడుతుంది. ఎండలో పిల్లలు అద్దం తిప్పుతూ ఎదురింటి గోడమీద వెలుగు ఆడిస్తారే, అలా. అందుకే అది మీటర్ల దూరంలో పనిచేస్తుంది.

సరే, నీ గట్టు దగ్గరికి వద్దాం.

బడ్స్‌లాంటి వాటిలో వాడే మామూలు బ్లూటూత్ పంపే పవర్ 2.5 మిల్లీవాట్ల లెక్క. రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే అర వాట్ ఎల్‌ఈడీ జీరో బల్బు ఉంది కదా, అందులో రెండు వందలో వంతు. రేడియేషన్ అంటూ టెన్షన్ పడేవాళ్లకి నేను ఈ లెక్కే చెబుతాను. ఖాళీ చోట దూరం రెట్టింపైతే అందేది నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకే పది మీటర్లు దాటితే నమ్మకం లేదు. ఇది తయారుచేసినవాళ్ల చేతకానితనం కాదు, కావాలనే అంత తగ్గించి పెట్టారు. రథసప్తమికి అరసవల్లిలో ఎంత జనం ఉంటారో తెలుసు, అందులో ప్రతివాడి బ్లూటూత్ కిలోమీటరు దూరం పోతే ఎవరి పాటా ఎవరికీ వినబడదు.

ఆ కాస్త పవర్‌కి పెద్ద శత్రువు నీళ్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీళ్లలోకి పోతే తొందరగా పీల్చుకుపోతుంది. మనిషి ఒళ్లు మూడొంతుల్లో రెండొంతులకి దగ్గరగా నీళ్లే. నువ్వు ఫోన్ ప్యాంటు వెనక కుడి జేబులో పెట్టుకుంటావనుకుంటున్నాను, మగపిల్లలు ఎక్కువమంది అంతే. అక్కడినుంచి ఎడమ చెవికి తిన్నగా వెళ్లాలంటే తరంగం నడుము, వీపు, మెడ, తల అన్నిటినీ దాటాలి. దాటలేదు. ఫోన్ మూడడుగుల దూరంలోనే ఉన్నా బడ్‌కి అది నీళ్లట్యాంకు అవతల ఉన్నట్టే లెక్క.

మరి ఇంట్లో ఎలా వస్తోంది? ఇంట్లో కూడా నీ ఒళ్లు నీ ఒళ్లే. తేడా గోడలది. సున్నం కొట్టిన గదిలో ట్యూబ్‌లైట్ వేస్తే మంచం కిందా బీరువా పక్కనా కూడా ఎంతో కొంత వెలుగు పడుతుంది, తిన్నగా కాదు, గోడల మీదా శ్లాబు మీదా పడి తిరిగొచ్చి. తరంగం కూడా అంతే. ఇంట్లో ఫోన్ పంపింది నేలమీదా, శ్లాబు మీదా, ఇనప బీరువా మీదా తగిలి పది దారుల్లో నీ ఎడమ చెవికి చేరుతుంది. నువ్వు అడ్డం అనుకుంటున్న గోడలే దాన్ని మోసుకొస్తున్నాయి. గట్టు మీద ఏముంది? ఒకపక్క నది, ఒకపక్క ఖాళీ, పైన ఆకాశం. వెళ్లిన తరంగం వెళ్లిపోవడమే, తిరిగి కొట్టేది నేల ఒక్కటే, అదీ కొద్దిగా. ఖాళీ మైదానాల్లో, బీచ్‌లో, పొలాల్లో ఇదే కథ. వర్షాకాలం ఉక్కపోతకి గాలిలో తేమ ఎక్కువై ఇలా అవుతోందని మొన్న ఒకాయన వాదించాడు, మూడడుగుల దూరానికి గాలిలో తేమ ఏమీ చెయ్యదు.

ఎడమ చెవిలోనే ఎందుకు ఎక్కువ అంటే, చాలా మోడళ్లలో రెండు బడ్స్‌లో ఒకటే ఫోన్‌తో మాట్లాడుతుంది, రెండోది దాన్నుంచి తీసుకుంటుంది, లేదా చాటుగా వింటుంది. ఎలా చేసినా మధ్యలో తల ఉంది. నీ మెయిన్ బడ్ కుడిది అయ్యుండాలి, ఎడమది దాని దయ మీద బతుకుతోంది.

ముక్కలు ముక్కలుగా రావడానికీ కారణం ఉంది. బడ్ లోపల చిన్న నిలవ ఉంటుంది, మేడమీద వాటర్ ట్యాంకు లాగ. మున్సిపాలిటీ నీళ్లు వచ్చీ రాకా ఉన్నా ట్యాంకులో ఉన్నంతసేపు కుళాయి ఆగదు. ఫోన్ పంపిన ముక్క పోతే మళ్లీ పంపుతుంది, ఆ లోపు నిలవలోంచి పాట నడుస్తుంది, వరసగా చాలా ముక్కలు పోతే నిలవ ఖాళీ అయి తెగుతుంది. ఈ నిలవ వల్లే శబ్దం సెకనులో పదో వంతో అయిదో వంతో ఆలస్యంగా వస్తుంది. వీడియోలో బొమ్మని కూడా అంతే ఆలస్యం చేసి సరిపెడతారు, గేమ్‌లో సరిపెట్టడం కుదరదు, అందుకే తుపాకీ పేలాక చప్పుడు వస్తుంది. మా వీధిలో ఒక బేకరీలో ఎగ్ పఫ్ వేడి చేసినప్పుడల్లా స్పీకర్‌లో పాట నత్తి కొట్టేది, ఓనరు స్పీకర్ మార్చేద్దామనుకున్నాడు. ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, లోపల 800 వాట్లుంటే తలుపు సందులోంచి కారేది పిసరంతే, కానీ 2.5 మిల్లీవాట్ల గుసగుసకి ఆ పిసరు చాలు. ఓవెన్ పక్కనున్న స్పీకర్ తీసి క్యాష్ కౌంటర్ మీద పెట్టించాను, నత్తి పోయింది, నాకు రెండు పఫ్‌లు మిగిలాయి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. రేపు గట్టు మీదకి వెళ్లినప్పుడు ఫోన్ మొదట వెనక కుడి జేబులో, తర్వాత ముందు ఎడమ జేబులో, తర్వాత షర్టు జేబులో పెట్టి ఒక్కో చోటా అయిదు నిమిషాలు నడువు. ఫోన్ పైభాగం బయటికి ఉండేలా చూసుకో, అరచేత్తో గట్టిగా మూసి పట్టుకోకు, చెయ్యి కూడా నీళ్లే. నా అంచనా ప్రకారం షర్టు జేబులో పెడితే తెగడం దాదాపు పోతుంది, అక్కడినుంచి రెండు చెవులకీ గడ్డం పక్కగా దారి దొరుకుతుంది కాబట్టి. తర్వాత కుడి బడ్ డబ్బాలో పెట్టేసి ఎడమది ఒక్కటే వాడి చూడు, అప్పుడు అది నేరుగా ఫోన్‌తో మాట్లాడుతుంది. అప్పటికీ షర్టు జేబులో ఫోన్ ఉండగా కూడా తెగుతుంటే మాత్రం ఒకసారి షాపుకి పట్టుకురా, ఆదివారం తప్ప రోజూ ఉంటాను, ఆ ఎడమదాని బ్యాటరీ చూద్దాం.